గేటు తాళం, పాస్‌వర్డ్: రెండూ నీ పనే

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

సబ్‌స్టేషన్‌లో ఏఈగా చేరావని మీ అమ్మ చెప్పగానే ఎంత సంతోషమేసిందో! స్విచ్‌యార్డుల్లోనే తల నెరిసినవాణ్ని కాబట్టి ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. గేటు సంగతి వాచ్‌మన్‌కి, కంప్యూటర్ల సంగతి ఐటీ వాళ్లకి వదిలేసి కూర్చోకు.

నా సర్వీసులో ఒకసారి రిలేల (లైన్‌లో తేడా వస్తే కరెంటు ఆపించే పరికరాల) టెస్టింగ్‌కి కాంట్రాక్టర్ మనుషులు వచ్చారు. గేటు రిజిస్టర్‌లో 'ఇద్దరు, టెస్టింగ్' అని రాశారు, అంతే. ఏ ప్యానెల్ తెరిచారో, ఎవరి లాప్‌టాప్ తగిలించారో ఎక్కడా లేదు. వారం తర్వాత ఒక ఫీడర్ లైన్ ఊరికే ట్రిప్ అవుతుంటే చూశాం, రిలే సెట్టింగ్ మారి ఉంది. ఎవరు మార్చారో ఈ రోజుకీ తేలలేదు. ప్యానెల్ తాళంచెవి మాత్రం కంట్రోల్ రూమ్ గోడకి, అందరికీ అందేలా, మేకుకి వేలాడుతూనే ఉంది. ఆ మేకు ఇప్పటికీ నా కళ్ల ముందు మెదులుతుంది.

2013 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని మెట్‌కాఫ్ సబ్‌స్టేషన్ మీద దాడి చేసినవాళ్లు ముందు భూమిలోని ఫోన్, డేటా ఫైబర్ కేబుళ్లు కోశారు. తర్వాతే తుపాకులతో 17 ట్రాన్స్‌ఫార్మర్లని కాల్చారు. అందుకే లింక్ పోయిందంటే నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అని ఊరుకోకు, అదే నిమిషంలో కంచె చుట్టూ మనిషిని తిప్పు. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో దీనికి తలకిందులుగా జరిగింది, హ్యాకర్లు దూరం నుంచే కంప్యూటర్లలోకి చొరబడ్డారు. ఆపరేటర్లు చూస్తుండగానే తెరమీద మౌస్ దానంతటదే కదిలి బ్రేకర్లు, అంటే కరెంటు కలిపే పెద్ద స్విచ్‌లు, తెరిచేసింది. సుమారు 2.25 లక్షల కనెక్షన్లకి కరెంటు పోయింది. సిబ్బంది బండ్లేసుకుని సబ్‌స్టేషన్లకి వెళ్లి చేత్తో బ్రేకర్లు వేస్తేనే గంటల్లో తిరిగొచ్చింది. చేత్తో ఆపరేట్ చేయడం మీ షిఫ్ట్ వాళ్లకి వచ్చా? నెలకోసారైనా చేయించు. నేను దీని మీదే ఎక్కువ పట్టుబడతాను.

తాళంచెవులు లెక్కపెట్టి పెట్టెలో పెట్టు, ఎవరు తీసుకుంటే వాళ్లతో సంతకం చేయించు. అదే రిజిస్టర్‌లో ప్యానెల్ నంబరు, లాప్‌టాప్, లాగిన్ టైమ్ కూడా రాయించు. బయటివాళ్ల పెన్‌డ్రైవ్ లోపలికి రానివ్వకు. ఎవరైనా బదిలీ అయితే ఆ రోజే ఐడీ కార్డు వెనక్కి తీసుకో, పాస్‌వర్డ్ కూడా ఆపించు. ఏదైనా జరిగితే పరువు పోతుందని దాచకు. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కి 6 గంటల్లో తెలియాలి, నువ్వు వెంటనే పైకి చెప్పు.

ముందు ఆ తాళంచెవుల లెక్క చూసి నాకు ఫోన్ చెయ్యి. రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటాను.

మీ మావయ్య