డి డ్రైవ్‌లో పెడితే భద్రమేనా?

ప్రశ్న: ఎమ్మెస్ కోసం డాలస్ వచ్చాను. సర్టిఫికెట్లు, ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), పాస్‌పోర్టు స్కాన్లు ల్యాప్‌టాప్‌లో డి డ్రైవ్‌లో ఉన్నాయి. కొన్ని గూగుల్ డ్రైవ్‌లోనూ ఉన్నాయి. తనంతట తానే బ్యాకప్ తీసుకునే ప్రోగ్రామ్ కూడా కావాలంటారా?

జవాబు: కావాలి. ముందు ఆ డి డ్రైవ్ సంగతి తేల్చుకుందాం. మన ఊళ్ళో కంప్యూటర్ అమ్మినవాడు మొదటిరోజే చెప్పి పంపుతాడు: సి పాడైనా డి లో ఉన్నవి పోవని. విండోస్ మళ్ళీ ఎక్కించేటప్పుడు ఆ మాట నిజమే. కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో సి, డి రెండూ ఒకే డిస్కు మీద గీసిన హద్దులు మాత్రమే. డిస్కు చెడినా, ఎవడో కారు అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి. బ్యాకప్ తీసిన బయటి హార్డ్‌డిస్కును కూడా అదే బ్యాగులో వేసుకు తిరిగేవాళ్ళను చూస్తుంటాను. వాళ్ళకు ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఇక గూగుల్ డ్రైవ్. కంప్యూటర్‌తో జతచేసిన ఫోల్డర్‌లో మీరేం చేస్తే అక్కడా అదే జరుగుతుంది. ఇక్కడ పొరపాటున చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది, చెత్తబుట్టలో 30 రోజులు ఉండి మాయమవుతుంది. పాత ఐ-20 పోయిందని మీకు తెలిసేది ఏ హెచ్1బి దరఖాస్తు వేళకో, గ్రీన్‌కార్డు వేళకో. పైగా ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, ఫోటోలు కూడా ఇరుక్కోవాలి.

విండోస్‌లో ఫైల్ హిస్టరీ అనే సదుపాయం ముందే ఉంటుంది, కాకపోతే మీరే ఆన్ చేయాలి. బయటి హార్డ్‌డిస్కు తగిలించి ఉంచితే గంటకోసారి మారిన ఫైళ్ళను దాచిపెడుతుంది, పాత ప్రతులను కూడా ఉంచుతుంది. అయితే అది చూసేది డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటి ఫోల్డర్లనే. మీ డి డ్రైవ్ ఫోల్డర్‌ను విండోస్ లైబ్రరీలో (ఫోల్డర్లను ఒకచోట చూపే జాబితాలో) చేరిస్తే తప్ప పట్టించుకోదు. మ్యాక్ ఉన్నవాళ్ళకు టైమ్ మెషీన్ ఉంది. 2007 నుంచీ అది వస్తోంది, పెద్దగా ఆలోచించే పని లేదు.

రెండో ప్రతి ఇంటి బయట ఉండాలి. నెలకో ఏడాదికో డబ్బు కట్టే ఆన్‌లైన్ బ్యాకప్ సేవలు వెనక నిశ్శబ్దంగా నడుస్తాయి. మొదటిసారి మాత్రం ఓపిక పట్టాలి. ఇంటర్నెట్ కంపెనీలు గొప్పగా చెప్పుకునేది డౌన్‌లోడ్ వేగం. కేబుల్ కనెక్షన్లలో అప్‌లోడ్ వేగం చాలా తక్కువ. సెకనుకు 10 మెగాబిట్లే ఉంటే 500 జీబీ ఎక్కడానికి నాలుగున్నర రోజులకు పైనే పడుతుంది, అదీ ల్యాప్‌టాప్ నిద్రపోకుండా ఉంటేనే. మూత వేసి పడుకుంటే ప్రోగ్రామూ పడుకుంటుంది. నెలకోసారి చివరి బ్యాకప్ తేదీ చూసి, ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరవండి.

ఉద్యోగం వచ్చాక ఇంకో మాట. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత ఫైళ్ళు పెట్టకండి, అక్కడ సొంత బ్యాకప్ ప్రోగ్రామ్ అసలే వద్దు. కంపెనీ సమాచారం బయటికి పంపుతున్నారని అనుమానిస్తారు. ఉద్యోగం తీసేసిన రోజున లాగిన్ తరచుగా గంటల్లోనే ఆగిపోతుంది. హెచ్1బి మీద ఉన్నవారికి అప్పటి నుంచి ఉండేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ గడువులో ఐ-797 (హెచ్1బి ఆమోదపత్రం) కోసం, పే స్టబ్‌ల (జీతం చీటీల) కోసం పాత హెచ్ఆర్‌ను బతిమాలుతూ కూర్చోవడం ఎవరికీ రాకూడదు. ఆ కాగితాలు చేతికి వచ్చిన రోజే సొంత కంప్యూటర్‌కు చేరాలి. డబ్ల్యు-2లు (ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపే పత్రాలు), పన్ను రిటర్నులు కూడా. రిటర్నులు సాధారణంగా 3 ఏళ్ళు ఉంచుకోమని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ చెబుతుంది. ఇక్కడ స్థిరపడాలనుకునేవారు ఎప్పటికీ పారేయకపోతే మంచిదని నా అభిప్రాయం.

బ్యాకప్‌కు సొంత రహస్య కీ పెట్టుకుంటే కాగితం మీద రాసి వేరే చోట దాచండి. అది పోతే కొన్ని సేవల్లో కంపెనీవాళ్ళు కూడా ఏమీ చేయలేరు.

చివరగా, ఈ ఖాతాలకు ఏ ఫోను నంబరు ఇచ్చారో ఇవాళే చూడండి. చాలామంది ఇండియా సిమ్‌నే ఇచ్చి ఉంటారు. రీచార్జ్ మరిచిపోతే ఆ నంబరు ఆగిపోతుంది, కొన్నాళ్ళకు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఓటీపీ రాకపోతే అన్నేళ్ళ బ్యాకప్ ఉన్నా తలుపు తెరుచుకోదు. ఇక్కడి నంబరు చేర్చండి, ఓటీపీ రాకున్నా లాగిన్ అయ్యేందుకు ఖాతా ఇచ్చే రికవరీ కోడ్‌లు ముద్రించి పెట్టుకోండి. రూమ్మేట్ నంబరు మాత్రం ఇవ్వకండి, వచ్చే సెమిస్టరుకు ఎవరు ఎక్కడుంటారో!