ఓడుతున్న జట్టులో మొదటి ఉద్యోగం: అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ కావాలనుకునే కుర్రవాడి తండ్రికి జవాబు

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి రాశారు. వారి అబ్బాయి అమెరికాలోనే పుట్టి పెరిగాడు. ఈ మే నెలలో స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ పూర్తి చేస్తున్నాడు. హైస్కూల్ దాటాక ఆటగాడిగా మైదానంలోకి దిగలేదు గానీ, యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆఫీసులో మూడేళ్లుగా విద్యార్థి సహాయకుడిగా పని చేస్తున్నాడు. డాలస్‌లో డేటా అనలిస్ట్ ఉద్యోగం ఖాయమైంది. ఈలోగా పక్క రాష్ట్రంలోని ఒక చిన్న కాలేజీకి కొత్తగా వచ్చిన హెడ్ కోచ్ తన దగ్గర గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా (మాస్టర్స్ చదువుతూ కోచ్‌లకు సహాయపడే ఉద్యోగం) చేరమని పిలిచారు. ఆ జట్టు నిరుడు ఒక్క మ్యాచే గెలిచింది. కోచింగ్ అసలు నిలకడైన బతుకుతెరువేనా అన్నది తండ్రి మొదటి సందేహం. ఓడిపోయే జట్టుతో మొదలుపెడితే ఆ ముద్ర జీవితాంతం వెంటాడదా అన్నది రెండోది.

జవాబు: మీ రెండో సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది తీరితే మొదటిదానికి దారి దొరుకుతుంది. కాలేజీ ఫుట్‌బాల్‌లో కొత్తవారికి చోటు దొరికేది చాలావరకు ఓడిన జట్లలోనే. ఏటా నవంబరు ఆఖరులో, సీజన్ ముగుస్తూండగానే, ఓడిన జట్ల హెడ్ కోచ్‌లను తొలగించడం మొదలవుతుంది. వారితో పాటు వారి సహాయకుల్లో అధికభాగం వెళ్లిపోతారు. కొత్తగా వచ్చిన హెడ్ కోచ్ కొద్ది వారాల్లోనే తన బృందాన్ని సమకూర్చుకోవలసి వస్తుంది. గెలుస్తున్న జట్టులో సహాయకులు కుదురుగా ఉంటారు, ఒక ఖాళీ వచ్చినా పేరున్నవారు వందమంది పోటీ పడతారు. కాబట్టి ఓడుతున్న జట్టులో చేరడం మచ్చ కాదు, ఈ వృత్తిలో అది మామూలు ప్రవేశద్వారం. చూడవలసింది ఆ జట్టు ఓడిందా లేదా అన్నది కాదు. దాన్ని నిలబెట్టడానికి వచ్చిన మనిషికి ఆ పని తెలుసా, ఆయనకు అవసరమైనంత గడువు ఉందా అన్నది.

ఇందుకు కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ చరిత్రను మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆ జట్టు 1987లోనూ 1988లోనూ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అగ్రశ్రేణి కాలేజీ జట్లలో మొట్టమొదట ఐదువందల ఓటములకు చేరుకున్న జట్టు కూడా అదే. ఆ స్థితిలో 1988 చివర బిల్ స్నైడర్ అనే కోచ్ హెడ్ కోచ్ పదవికి ఒప్పుకున్నారు. అప్పటికి ఆయన అయోవా యూనివర్సిటీలో ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆటను నడిపే కోచ్) పదేళ్లు నిలకడగా పనిచేసినవారు. అంతకుముందు హైస్కూళ్లలోనూ, మీ ఊరికి గంట ప్రయాణంలో ఉన్న షెర్మన్ పట్టణంలోని ఆస్టిన్ కాలేజీ వంటి చిన్నచోట్లలోనూ కోచ్‌గా పనిచేశారు. 1989 సెప్టెంబరు ఆఖరున నార్త్ టెక్సస్ మీద చివరి ప్లేలో టచ్‌డౌన్ చేసి 20–17తో నెగ్గేసరికి, ఆ జట్టు వరసగా ముప్పై మ్యాచ్‌లు గెలుపన్నది లేకుండా గడిపింది. ఆ ఏడాదికి అదొక్కటే గెలుపు. మరుసటి ఏడాది ఐదు గెలుపులు, ఆపై ఏడు, 1993కు ఒక బౌల్ మ్యాచ్‌లో (సీజన్ చివర ఆహ్వానంపై ఆడేది) విజయం, 1998లో రెగ్యులర్ సీజన్ మొత్తం ఓటమి లేకుండా పదకొండు విజయాలు, 2003లో బిగ్ 12 అనే కాన్ఫరెన్స్ (యూనివర్సిటీల లీగ్) ఫైనల్లో ఓక్లహోమాపై 35–7. ఈ వరసలో మొదటి నాలుగేళ్లే మీరు ముఖ్యంగా గమనించాలి. స్నైడర్ ఒక్కసారిగా ఎక్కడినుంచో మహా ఆటగాళ్లను తేలేదు. పెద్ద యూనివర్సిటీలు పట్టించుకోని జూనియర్ కాలేజీల (హైస్కూల్ తర్వాత రెండేళ్ల చదువు చెప్పేవి) నుంచి ఆటగాళ్లను ఓపికగా ఏరుకున్నారు. కాన్ఫరెన్స్ బయటి మ్యాచ్‌లను తన కుర్రవాళ్లు గెలవగలిగిన జట్లతో పెట్టించుకుని, గెలుపు రుచి తెలియనివారికి అది ఎలా ఉంటుందో చూపించారు. ఆ మెత్తని షెడ్యూలును చాలామంది తప్పుపట్టారు. ఏళ్ల తరబడి ఓడినవారికి ముందు కావలసింది గెలవగలమన్న నమ్మకమే గనుక ఆయన చేసిందే సరైనదని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ అబ్బాయి కోణం నుంచి అదే కథను చూడండి. 1989లో ఆ దీనమైన జట్టులో సహాయకుడిగా చేరిన బాబ్ స్టూప్స్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. పదేళ్ల తర్వాత ఆయన ఓక్లహోమా హెడ్ కోచ్ అయ్యారు, 2000 సీజన్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచారు. కాన్సాస్ స్టేట్‌లోనే ఆటగాడిగా ఉండి, 1993లో అక్కడే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే సరిగ్గా మీవాడికి వచ్చిన హోదాతోనే, మొదలుపెట్టిన బ్రెంట్ వెనబుల్స్ 2021 చివర అదే ఓక్లహోమాకు హెడ్ కోచ్‌గా వచ్చారు. మార్క్ మాంజీనో, జిమ్ లెవిట్ కూడా స్నైడర్ బృందంలో పనిచేసి తర్వాత హెడ్ కోచ్‌లైనవారే. ఓటముల మధ్య మొదలుపెట్టిన ఈ మనుషుల మీద ఏ ముద్రా పడలేదు. జట్టును కింది నుంచి పైకి తేవడం ప్రతి దశలోనూ చూసినవారుగా వారికి గిరాకీ పెరిగింది.

అయితే ప్రతి పునర్నిర్మాణమూ ఫలించదు, ఆ సంగతి దాచి మీకు సలహా చెప్పడం న్యాయం కాదు. 2015లో పన్నెండు మ్యాచ్‌లూ ఓడిన సెంట్రల్ ఫ్లోరిడా జట్టును స్కాట్ ఫ్రాస్ట్ రెండే సీజన్లలో, 2017లో, పదమూడుకు పదమూడు గెలిచే స్థితికి తెచ్చారు. ఆ వెంటనే తాను ఆటగాడిగా జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచిన నెబ్రాస్కాకే హెడ్ కోచ్‌గా వెళ్లారు. అక్కడ ఆయన ఖాతాలో మిగిలినవి 16 విజయాలు, 31 ఓటములు, 2022 సెప్టెంబరులో ఉద్వాసన. 2021లో ఆ జట్టు ఓడిన తొమ్మిది మ్యాచ్‌లలో ఒక్కటీ పది పాయింట్ల తేడాతో ఓడలేదు. ప్రతిభకు కొరత లేని జట్టు చివరి క్వార్టర్‌లో కిక్కింగ్ తప్పిదాల వల్ల, అనవసరమైన పెనాల్టీల వల్ల, బంతి జారవిడవడం వల్ల గెలవవలసిన మ్యాచ్‌లను పోగొట్టుకుంటే, ఆ లోపం రోజువారీ సాధనలోనే ఉందని అర్థం. ఒకచోట నెగ్గిన పద్ధతి మరోచోటికి దానంతటదే రాదు.

కాబట్టి మీ అబ్బాయిని పిలిచిన హెడ్ కోచ్ గురించి కొన్ని విషయాలు తెలుసుకోవాలి. అన్నిటికన్నా ముందు ఆయన కాంట్రాక్టు ఎన్నేళ్లది? నాలుగేళ్లకు తక్కువైతే, రెండో సీజన్ సగంలోనే అందరి ఉద్యోగాలూ గాలిలో దీపాలవుతాయి. జట్టులో మిగిలిన పాత ఆటగాళ్ల గురించి ఆయన ఎలా మాట్లాడుతున్నారు? మీకు రెండు గంటల దూరంలోని వేకోలో బేలర్ యూనివర్సిటీ ఇందుకు మంచి పాఠం. లైంగిక దాడుల ఫిర్యాదులను కప్పిపుచ్చారన్న తీవ్రమైన వివాదంలో 2016లో అక్కడి హెడ్ కోచ్‌ను తొలగించారు, చేరతామన్న కుర్రవాళ్లు చాలామంది వెనక్కి తగ్గారు. ఆ ఏడాది చివర వచ్చిన మాట్ రూల్ 2017లో తన మొదటి సీజన్‌లో ఒకటే గెలిచి పదకొండు ఓడారు. ఆ ఏడాది తొలి సంవత్సరం విద్యార్థులను మైదానంలోకి దింపి, దెబ్బలు తింటూనే వారిని తయారుచేశారు. 2018లో ఏడు గెలుపులు, 2019లో పదకొండు. ఆయన ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లిపోయాక కూడా 2021లో ఆ యూనివర్సిటీ బిగ్ 12 టైటిల్ గెలిచింది. కోచ్ మారినా కూలలేదంటే పునాది గట్టిదన్న మాట.

ఇవాళ ఇంకో దారి కూడా ఉంది. 2018 అక్టోబరులో, కాలేజీ మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం వాడకం మీద డబ్బు సంపాదించుకునే వీలు వచ్చింది. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో పెద్ద యూనివర్సిటీలు తమ ఆదాయంలో వాటా నేరుగా ఆటగాళ్లకే ఇస్తున్నాయి. దాంతో ఒకే వేసవిలో జట్టు రూపురేఖలు మార్చడం సాధ్యమవుతోంది. 2023లో మూడే గెలిచిన ఇండియానా యూనివర్సిటీ, కర్ట్ సిగ్నెట్టి వచ్చిన మొదటి సీజన్‌లోనే, 2024లో, పదకొండు గెలిచి జాతీయ టైటిల్ ప్లేఆఫ్‌కు చేరింది. ఆయన జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో తాను తయారుచేసిన ఆటగాళ్లలో చాలామందిని వెంట తెచ్చుకున్నారు. చూసినవారు అద్భుతమన్నారు గానీ, దాని వెనుక ఉన్న ఏళ్లను కూడా లెక్కించాలి. అలబామాలో హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర సహాయకుడిగా ఉన్న ఈయన 2011లో జీతం బాగా తగ్గుతుందని తెలిసే, హెడ్ కోచ్‌గా పని నేర్చుకోవాలని పెన్సిల్వేనియాలోని ఒక డివిజన్ 2 (రెండో శ్రేణి) యూనివర్సిటీకి వెళ్లారు. అప్పటికి ఆయనకు దాదాపు యాభై ఏళ్లు. చిన్న కాలేజీని చిన్నచూపు చూడకూడదని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను.

ఇక మీ అబ్బాయి కాలేజీలో ఆడలేదన్న వెలితి గురించి. మైక్ లీచ్ కాలేజీ ఫుట్‌బాల్ ఆడలేదు, లా డిగ్రీ పూర్తిచేసి ఈ వృత్తిలోకి వచ్చారు. 1989లో, అంతకుముందు ఏడాది ఒక్కటీ గెలవని అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో హాల్ మమీ దగ్గర సహాయకుడిగా చేరి, వారిద్దరూ కలిసి రూపొందించిన పాసింగ్ పద్ధతి తర్వాత దేశమంతా వ్యాపించింది. లీచ్‌ను ఓక్లహోమాకు ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా తీసుకున్నది కాన్సాస్ స్టేట్‌లో పని నేర్చుకున్న బాబ్ స్టూప్సే. ఆ తర్వాత లీచ్ పదేళ్లు టెక్సస్ టెక్ హెడ్ కోచ్‌గా ఉన్నారు. 2012లో వాషింగ్టన్ స్టేట్‌లో మూడు గెలుపులతో మొదలుపెట్టి 2018లో పదకొండుకు చేర్చారు. ఆడినవారికి కొంత మొగ్గు ఉన్న మాట నిజమే, ముఖ్యంగా ముందు వరసలో నిలబడే లైన్ ఆటగాళ్లకు కాళ్లు, చేతులు పెట్టే తీరు నేర్పే పనిలో. కానీ మీవాడి చదువు వేరే తలుపు తెరుస్తుంది.

ఆ తలుపు ఎలాంటిదో అతని పని గమనిస్తే తెలుస్తుంది. శనివారం మ్యాచ్ అయ్యాక, ఆదివారం ఉదయానికల్లా తర్వాతి ప్రత్యర్థి ఆడిన నాలుగైదు మ్యాచ్‌ల వీడియో ముందు పెట్టుకుని, ఒక్కొక్క ప్లేకు వివరాలు నింపుతారు. థర్డ్ డౌన్ (పది గజాలు ముందుకు వెళ్లడానికి ఇచ్చే నాలుగు అవకాశాల్లో మూడోది), ఇంకా ఏడు గజాలు కావాలి, బంతి ఎడమ హ్యాష్ (మైదానం మీది గుర్తుల వరస) మీద ఉంది, ప్రత్యర్థి ఒక రన్నింగ్ బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు రిసీవర్లతో నిలబడ్డాడు, స్నాప్‌కు (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే క్షణం) ముందు ఒకడు కుడికి కదిలాడు, ఆపై పాస్. ఇలాంటివి కొన్ని వందలు పోగయ్యాక, ఇదే స్థితిలో వాళ్లు ఎన్నిసార్లు పాస్ ఆడారు, ఎటు ఆడారు అన్నది ఒక్క పేజీలో డిఫెన్స్ కోఆర్డినేటర్‌కు ఇవ్వాలి. అంకెలు తీయడం చాలామందికి వచ్చు. అందులో దేన్ని ఇరవై ఏళ్ల ఆటగాడు మైదానంలో గుర్తుపెట్టుకోగలడో ఏరి చెప్పడమే నైపుణ్యం. సిబ్బంది తక్కువగా ఉన్న చిన్న కాలేజీలో ఆ పనితో పాటు ఒక పొజిషన్ గ్రూపుకు, అంటే ఒకే స్థానంలో ఆడేవారికి, నేర్పే బాధ్యత కూడా తొందరగా చేతికి వస్తుంది. పెద్ద యూనివర్సిటీలో అది రావడానికి ఏళ్లు పట్టవచ్చు.

నిలకడ విషయానికి వస్తే, మీ భయం సహేతుకమైనదే. టెక్సస్ ఏ అండ్ ఎం 2023 నవంబరులో జింబో ఫిషర్‌ను తొలగించినప్పుడు ఆయనకు చెల్లించవలసి వచ్చిన మొత్తం సుమారు 7.6 కోట్ల డాలర్లు. అంతటి రక్షణ హెడ్ కోచ్‌లకే, అదీ అగ్రశ్రేణిలో. సహాయకుల్లో ఎక్కువమందికి ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టులే ఉంటాయి. హెడ్ కోచ్ పోతే ఇల్లు, పిల్లల బడి మార్చుకుని వేరే రాష్ట్రానికి సామాను సర్దుకోవడం వారికి మామూలే. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌కు ట్యూషన్ మినహాయింపు, అద్దెకూ తిండికీ సరిపోయే భత్యం తప్ప మిగిలేది ఉండదు. ఆగస్టు నుంచి నవంబరు దాకా వారంలో సెలవన్నది ఉండదు, దసరా దీపావళులకు అతను ఇంటికి రాలేడు. ఈ సంగతి వాళ్ల అమ్మగారికి ముందే చెప్పండి.

కానీ టెక్సస్‌లో ఉన్నవారికి ఒక ఆసరా ఉంది. అక్కడి ప్రభుత్వ హైస్కూళ్లలో కోచ్‌లు సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్ట్ పూర్తికాల ఉద్యోగులే, ఎక్కువమంది తరగతిలో పాఠం కూడా చెబుతారు. మీ పక్కనే అలెన్‌లో 2012లో దాదాపు 6 కోట్ల డాలర్లతో హైస్కూల్ స్టేడియం కట్టారంటే ఆ వ్యవస్థ స్థాయి ఊహించవచ్చు. గణితం చెప్పగల టీచర్‌గా సర్టిఫికేషన్ ఉన్న కోచ్‌కు ఆ రాష్ట్రంలో పని దొరకకపోవడం అరుదు. అందువల్ల మీవాడు మాస్టర్స్‌లో అందరిలాగా స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ తీసుకోకుండా, స్టాటిస్టిక్స్ గానీ, టీచర్ సర్టిఫికేషన్‌కు దారితీసే గణిత విద్య గానీ తీసుకోవాలని గట్టిగా చెబుతాను. కోచింగ్ కలిసిరాకపోయినా ఆ డిగ్రీతో డాలస్ ఉద్యోగ విపణికి తిరిగి రావచ్చు.

నా సలహా ఏమిటంటే, రెండేళ్లకు ఒప్పుకోమనండి. ఇరవై రెండేళ్ల వయసులో రెండేళ్లు పెట్టగలిగిన స్వేచ్ఛ, పెళ్లయి ఇంటి అప్పు మొదలయ్యాక ఉండదు. డేటా ఉద్యోగాలు మాస్టర్స్ తర్వాత కూడా ఉంటాయి. చేరే ముందు ట్యూషన్ మినహాయింపు ఎన్ని సెమిస్టర్లకు, వేసవి నెలల్లో భత్యం ఉంటుందా, హెడ్ కోచ్ మారితే డిగ్రీ పూర్తయ్యేదాకా మినహాయింపు కొనసాగుతుందా అన్న మూడు సంగతులూ కాలేజీ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోవాలి. మాటవరసకు ఇచ్చిన హామీలు కోచ్‌తో పాటే వెళ్లిపోతాయి. ఆరోగ్య బీమాకు ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా మీ పాలసీలోనే ఉంచవచ్చు, ఆ ఖర్చు అతని మీద పడనివ్వకండి.

ఇంకొక్క పని మీరు స్వయంగా చేయండి. ఆ కాలేజీ వసంతకాలపు ప్రాక్టీస్ జరిగే రోజుల్లో, అనుమతి తీసుకుని, మీరూ అబ్బాయీ కలిసి ఒక శనివారం అక్కడికి వెళ్లండి. ఆట మీకు పూర్తిగా అర్థం కాకపోయినా ఫరవాలేదు. తప్పు చేసిన కుర్రవాడిని కోచ్ పక్కకు పిలిచి ఏం చేయాలో చూపిస్తున్నారా, లేక అందరిముందు అరిచి వదిలేస్తున్నారా, చివరి అరగంటలో కూడా సహాయకులు మొదట్లో ఉన్నంత శ్రద్ధగా ఉన్నారా అన్నది మీకే తెలుస్తుంది. డాలస్ కంపెనీకి జవాబు అక్కడినుంచి తిరిగి వచ్చాకే ఇవ్వమనండి. అందుకు వారిని పది రోజుల గడువు అడగడంలో తప్పేమీ లేదు.