రంగు మారే రాయిని అమ్మబోతే...

ప్రశ్న: మాది విశాఖపట్నం, టీచర్‌ని. తెలిసిన వ్యాపారి ఒకాయన అలెగ్జాండ్రైట్ పొదిగిన ఉంగరం 4.5 లక్షలకు ఇస్తానంటున్నారు. రాయి 2 క్యారెట్లు, బంగారం 5 గ్రాములు. నర్సీపట్నం వైపు దొరికిన రాయి అనీ, ఐదేళ్లలో రెట్టింపు అవుతుందనీ చెబుతున్నారు. బిల్లు వద్దంటే 30 వేలు తగ్గిస్తారట. అమ్మాయి పెళ్లికి పనికొస్తుందని ఎఫ్‌డీ తీసి కొనాలనుకుంటున్నాను. కొనమంటారా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి మేడం.

అలెగ్జాండ్రైట్ నిజంగానే అరుదైన రాయి. పగటి వెలుగులో పచ్చగా, దీపం దగ్గర ఎర్రగా కనబడుతుంది. రాయిలో ఉండే కాస్త క్రోమియం వల్లే ఆ మార్పు. 1830లలో రష్యాలోని ఉరల్ కొండల్లో బయటపడింది. మనం కేతువుకని పెట్టుకునే వైడూర్యానికి ఇది తోబుట్టువు. నర్సీపట్నం పక్కనే ఉన్న మన గొలుగొండ మండలం కరక కొండలో రంగురాళ్లు దొరకడం కూడా నిజమే కాబట్టి, ఆయన మాట నమ్మబుద్ధవుతుంది. కానీ అక్కడి దొంగ తవ్వకాల గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. బిల్లు లేకుండా కొంటే, రేపు ఎవరైనా ఈ రాయి ఎక్కడిదని అడిగినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. పైగా 2 లక్షలు, అంతకు మించి క్యాష్‌గా తీసుకోవడం చట్టరీత్యా కుదరదు. ఆ 30 వేల తగ్గింపు ఆయన సౌకర్యం కోసమే.

కళ్లముందు రంగు మార్చి చూపించినా మోసపోకండి. ల్యాబ్‌లో పెంచిన అలెగ్జాండ్రైట్ కూడా అలాగే మారుతుంది. వెనేడియం కలిపి చేసిన చవక కృత్రిమ రాళ్లు కూడా ఇదే పేరుతో అమ్ముడవుతున్నాయి. హాల్‌మార్క్ బంగారానికే, రాయికి కాదు. జీఐఏ లాంటి, రత్నాలను పరీక్షించే ల్యాబ్ ఇచ్చిన రిపోర్టులో ‘నేచురల్’ అని ఉండాలి. అది కూడా రాయిని ఉంగరంలో బిగించకముందు చేయించినదైతే బరువు కచ్చితంగా తెలుస్తుంది.

సరే, రాయి అసలుదే అనుకుందాం. అప్పుడూ నా బెంగ అమ్మేటప్పటి గురించే. బంగారానికి రోజూ పేపర్లో రేటు వస్తుంది, ఏ షాపుకి వెళ్లినా లెక్క కడతారు. అలెగ్జాండ్రైట్‌కి అలాంటి రేటు లేదు. రంగు ఎంత బాగా మారుతోంది, లోపల మచ్చలున్నాయా అని చూసి, ఎదుటివాడు ఎంతంటే అంతే. తాకట్టు పెట్టబోయినా రాయి బరువు తీసేసి బంగారానికే లోన్ ఇస్తారు. మా అమ్మ కెంపుల గాజులు మార్చినప్పుడు షాపువాళ్లు రాళ్లు ఊడదీసి చిన్న పొట్లం కట్టి చేతిలో పెట్టారు. ఆ పొట్లం ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

‘రెట్టింపు’ సంగతి చూద్దాం. ఐదేళ్లలో రెట్టింపు కావాలంటే ఏటా 15 శాతం దాకా పెరగాలి. అది కూడా అప్పటి షాపు ధర పూర్తిగా చేతికొస్తే. అమ్మేరోజు షాపు ధరలో 60 శాతమే చేతికొస్తుందని అనుకోండి, ఊరికే లెక్క కోసం. అప్పుడు మీ డబ్బు రెట్టింపు కావాలంటే షాపు ధర ఏటా 27 శాతం పెరగాలి. ఇందులో 3 శాతం జీఎస్టీ కలపలేదు, లాభం వస్తే కట్టాల్సిన పన్నూ కలపలేదు.

మీ 5 గ్రాముల బంగారాన్ని ఇవాళ్టి రేటుతో గుణించి, 4.5 లక్షల్లోంచి తీసేయండి. మిగిలేదంతా దాదాపుగా రాయి ధరే. ఆ మొత్తాన్ని ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టి, “వచ్చే నెల నేను వెనక్కి తెస్తే ఇందులో ఎంత ఇస్తారో రాసి సంతకం చేయండి” అని అడగండి.

పెళ్లి కోసమైతే ఎఫ్‌డీని అలాగే ఉంచి, నెలనెలా జీతంలోంచి కొంత గోల్డ్ ఈటీఎఫ్‌లో (షేర్లలా కొని అమ్ముకునే బంగారం ఫండ్) వేయండి. లేదా హాల్‌మార్క్ కాయిన్లు కొనండి. ఉంగరం మీద మనసైతే కొనుక్కోండి, తప్పేమీ లేదు. కాకపోతే చిన్న రాయి చూసుకుని, రిపోర్టు, బిల్లు రెండూ తీసుకుని, పెళ్లి డబ్బు ముట్టుకోకుండా కొనండి.