పువ్వు చూడనిదే పేరు పెట్టకు

చిరంజీవి మేనకోడలికి అచ్చంపేట నుండి మామ ఆశీస్సులు.

మందుమొక్కలను గుర్తించి రాసుకోవడానికి నీవు నల్లమలకు బయలుదేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమెకు పులి భయం, నాకు గడ్డల భయం. మన ఇంట్లో చెట్టు పేరు అడిగే మనిషి మళ్ళీ ఒకరు పుట్టారని సంతోషం కూడా కలిగింది.

మన్ననూరులో అటవీశాఖ అనుమతి తీసుకో. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మొక్కలను తెంపరాదు, ఫోటోతో సరిపెట్టుకో. పొద్దుండగానే పెంటకు, అంటే చెంచుల గూడేనికి, చేరుకో.

నాతో తిరిగిన ఒక మిత్రుని సంగతి నీకు ఎన్నడూ చెప్పలేదు. చలికాలంలో, తీగ ఎండి మాయమైన చోట అతడు ఒక గడ్డ తవ్వి, చెంచులు తినే అడవిగడ్డే అనుకున్నాడు. వెంట ఉన్న చెంచు పెద్దాయన "తీగ ఏది?" అని అడిగినా వినక, సాయంత్రం ఉడకబెట్టుకొని తిన్నాడు. అది అడవినాభి. తెల్లవారకముందే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. జీపులో ఆసుపత్రికి చేర్చాము, బతికాడు. కొన్నాళ్ళకు దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చింది. ఆ గడ్డలోని కొల్చిసిన్ అనే విషం కణాల విభజనను ఆపుతుంది కనుక, పేగుల లోపలి పొర, వెంట్రుకల కుదుళ్ళు త్వరగా దెబ్బతింటాయి. అదే కొల్చిసిన్‌ను తగు మోతాదులో వైద్యులు గౌట్ అనే కీళ్ళవాతానికి ఇస్తారు. వానాకాలంలో ఆ తీగను పసిపిల్లలైనా పోల్చగలరు: ఆకు కొన మెలి తిరిగి పక్క కొమ్మను పట్టుకుంటుంది, వెనక్కి ఎగిసిన పూరేకులు పసుపు నుండి ఎరుపుకు మారుతాయి.

చిల్ల, ముష్టి చెట్ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త. చిల్లగింజను అరగదీసి కలిపితే బురదనీటిలోని మట్టి అడుగుకు దిగుతుంది. దాని దాయాది ముష్టిగింజలో ప్రాణం తీసే స్ట్రిక్నిన్ ఉంటుంది. ఆకు మొదట్లో చీలే ఈనెలు రెండింటికీ ఉన్నాయి కాబట్టి ఆకును నమ్మక కాయను చూడు. చిల్లకాయ చిన్నది, పండితే నల్లబడుతుంది. ముష్టిపండు నారింజ రంగులో పెద్దగా, లోపల బిళ్ళల వంటి గింజలతో ఉంటుంది.

చెంచులు చెప్పిన పేరును వారు పలికినట్లే రాయి. ఏ భాగం, ఏ కాలంలో, ఎంత వాడతారో అడుగు, చెప్పడం ఇష్టం లేకపోతే గుచ్చి అడగకు. రుచి చూస్తేనే తెలుస్తుందని పోయిన దసరాకు అన్నావు. ఆ మాట మళ్ళీ విన్నానంటే నేనే వచ్చి నిన్ను ఇంటికి తీసుకుపోతాను, బిడ్డా.

నా భూతద్దం మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. దాని మర సడలింది, దారం కట్టి మెడలో వేసుకో. సిగ్నల్ దొరికినప్పుడల్లా ముందు మీ అమ్మకు ఫోన్ చెయ్యి, ఆ తరువాత నాకు.