ఇంటర్వ్యూలో ‘రీబూట్ చేస్తా’ అంటే ఎందుకు సరిపోలేదు?

ప్రశ్న: బీటెక్ అయ్యాక లినక్స్ అడ్మిన్ కోర్సు చేశాను. ‘క్లస్టర్‌లో ఒక ప్రాసెస్ చనిపోయింది, కానీ సభ్యుల జాబితాలో ఇంకా కనిపిస్తోంది. ఏం చేస్తారు?’ అని ఇంటర్వ్యూలో అడిగారు. నోడ్‌ని రీబూట్ చేస్తానన్నాను. సెలక్ట్ కాలేదు. క్లస్టరింగ్ కోర్సులో చేరమంటారా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టకండి. మీకు కావాల్సిన సాధన ఇంట్లోనే చేయొచ్చు. క్లస్టర్ అంటే ఒకే పని కోసం కలిపి నడిపే కంప్యూటర్ల గుంపు. అందులో ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్, దానిలో నడుస్తున్న ప్రోగ్రామ్ ప్రాసెస్.

రీబూట్‌తో సమస్య పోవచ్చు, కానీ కారణం ఏమిటో చూపే ఆధారాలు కూడా పోతాయి. పైగా అది నడుస్తున్న బ్యాంకు డేటాబేస్ కావచ్చు. పొరపాటున రెండు నోడ్‌లూ ఒకే డిస్క్‌లో రాయడం మొదలుపెడితే డేటా పాడైపోతుంది. ఫెన్సింగ్ (పలకని నోడ్‌ని బలవంతంగా ఆపేయడం లేదా డిస్క్‌కు దూరం చేయడం) ఉన్నది అందుకే. మీరు ముందు ఏం చూస్తారో తెలుసుకోవడానికే ఆ ప్రశ్న అడిగారు.

లినక్స్ క్లస్టర్లను నడిపే పేస్‌మేకర్, కోరోసింక్ జంటనే తీసుకోండి. నోడ్‌ల మధ్య సమాచారం, సభ్యత్వం కోరోసింక్ చూస్తుంది; ఏ సర్వీసు ఎక్కడ నడవాలో పేస్‌మేకర్ చూస్తుంది. ఇందులో సభ్యత్వం రెండు రకాలు. క్లస్టర్‌లో ఏ నోడ్‌లు ఉన్నాయో కోరోసింక్-కోరమ్‌టూల్ కమాండ్ చెబుతుంది. ఏ నోడ్‌లో ఏ ప్రాసెస్ ఏ పీఐడీతో (ప్రాసెస్ నంబరు) గ్రూపులో ఉందో కోరోసింక్-సీపీజీటూల్ చూపిస్తుంది. ఈ రెండో కమాండ్‌ని ప్రతి నోడ్‌లోనూ నడిపి, అది ఏ నోడ్‌కి ఏ పీఐడీ చూపిందో, ఆ నోడ్‌లో అది నిజంగా ఉందో లేదో పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండ్)తో సరిచూడండి. తేడా ఎక్కడుందో దొరికితే సగం పని అయినట్టే. తర్వాత లాగ్‌లు భద్రపరచి, సమయాలు పోల్చండి. నోడ్‌ల గడియారాలు కలవకపోతే ఆ పోలికే తప్పుతుంది. చాలామంది తొందరపడి సీఆర్ఎమ్_నోడ్ -ఆర్ కొడతారు. అది క్లస్టర్ నుంచి తీసేసిన నోడ్ ఆనవాళ్లు తుడవడానికి, ప్రాసెస్ సమస్యకు కాదు.

ల్యాప్‌టాప్‌లో మూడు వర్చువల్ మెషీన్లు పెట్టుకోండి. ఒక పేస్‌మేకర్ డీమన్‌ని (వెనకాల నడిచే ప్రాసెస్) కిల్ -9తో చంపండి. దాని కనెక్షన్ తెగిపోగానే కోరోసింక్ మిగతా నోడ్‌లకు చెబుతుంది, డీమన్ మళ్లీ మొదలై కొత్త పీఐడీ వస్తుంది. అదే డీమన్‌ని కిల్ -స్టాప్‌తో, అంటే చంపకుండా, తాత్కాలికంగా ఆపి చూడండి. కనెక్షన్ తెగదు కాబట్టి, పలకకపోయినా కొంతసేపు సభ్యుడిగానే ఉంటుంది. ఈ తేడా కళ్లారా చూసినవాళ్లు ఇంటర్వ్యూలో టెన్షన్ పడరు.

కుబర్నెటిస్ (కంటైనర్లలో నడిచే అప్లికేషన్లను నిర్వహించే వ్యవస్థ) వైపు వెళ్లినా ఇది వృథా కాదు. అక్కడ ఈటీసీడీలో (కుబర్నెటిస్ తన సమాచారం దాచుకునే డేటాబేస్) చనిపోయిన సభ్యుణ్ణి తీసేశాకే కొత్తదాన్ని చేర్చమంటారు. సర్టిఫికెట్ కావాలంటే ముందు ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ లినక్స్ అడ్మిన్ పరీక్ష) రాయండి. రెడ్ హ్యాట్ క్లస్టరింగ్ పరీక్ష ఈఎక్స్436 సంగతి ఉద్యోగంలో చేరాక చూసుకోవచ్చు.