మేడ లోను కంటే ముందే మామగారికి చెప్పాలి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మావారు ఆన్‌లైన్‌లో ఇళ్లు, స్థలాల ప్రకటనలు పెట్టే కంపెనీకి 6 ఏళ్లుగా ఇంటి నుంచే సేల్స్ చూసేవారు. గత నెల చాలామందిని తీసేశారు, అందులో ఈయనా ఉన్నారు. అత్తమామలకు చెప్పలేదు. రోజూ తలుపేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటున్నారు. మామగారేమో కొడుకు జీతం మీద లోను తీసి మేడ వేద్దామంటున్నారు. నేనే చెప్పేయనా?

జవాబు: మీరు చెప్పొద్దమ్మా. మీవారే చెప్పాలి, అదీ లోను కాగితాల మీద సంతకం పడకముందే. ఉద్యోగం పోయాక పాత పే స్లిప్పులు పెట్టి లోను అడిగితే బ్యాంకు దాన్ని మోసంగానే చూస్తుంది.

కంపెనీ ఆరోగ్య బీమాలో అత్తమామల పేర్లున్నాయా? అది మామూలుగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. కార్డుందన్న ధీమాతో పెద్దాయన ఆసుపత్రికెళ్లి కౌంటర్ దగ్గర ఈ సంగతి తెలుసుకోకూడదు కదా. సొంత పాలసీకి మారే వీలుందేమో ఇవాళే హెచ్‌ఆర్‌ని అడగమనండి.

ఉత్త చేతులతో వెళ్లి చెప్పకూడదు. ‘ఏమన్నా ఇచ్చారా?’ అనే మామగారు ముందు అడుగుతారు. 5 ఏళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ, అంటే అన్నేళ్లు పనిచేసినందుకు కంపెనీ ఇచ్చే సొమ్ము రావాలి. ఆ లెక్కలోకి తీసుకునే నెలజీతం 26,000 అనుకుంటే, 26తో భాగించి, 15తోనూ 6 ఏళ్లతోనూ హెచ్చవేస్తే 90,000. ఇది 30 రోజుల్లో చెల్లించాలి, గడువు దాటితే మెయిల్‌లో రాతపూర్వకంగా అడగాలి. వాడుకోని సెలవుల డబ్బు, రావాల్సిన ఇన్సెంటివ్‌లు విడిగా రాసుకోండి. సేల్స్‌లో ఎక్కువగా ఎగిరిపోయేది ఆ ఇన్సెంటివ్‌లే. పీఎఫ్ ఇప్పుడే తీయొద్దు. పీఎఫ్ ఖాతాలో కంపెనీ ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ (ఉద్యోగం ముగిసిన తేదీ) వేసిందో లేదో మాత్రం చూసుకోవాలి, లేకపోతే రేపు తీయాలన్నా చిక్కే.

కొబ్బరి దింపు రోజు మాత్రం ఈ మాట ఎత్తొద్దు. కూలీలు, కాయల లెక్క, వ్యాపారితో బేరం నడుమ పెద్దాయన చెవికెక్కదు, ఎక్కిందా ఊరంతా వింటుంది. పొద్దున్నే కాఫీలయ్యాక, మీ నలుగురే ఉన్నప్పుడు: ‘నాన్నా, నెల కిందట ఉద్యోగం తీసేశారు. ముఖం చెల్లక దాచాను. మేడ సంగతి కొన్నాళ్లు ఆపుదాం.’ ఇంతే చాలు. ఆయన కేకలేస్తారు, వేయనివ్వండి. మధ్యలో మీరు వకాల్తా పుచ్చుకోవద్దు.

మీవారికి బిల్డర్లు తెలుసు కదా, రాజమండ్రిలో కమిషన్ మీద ఫ్లాట్లు అమ్ముతానంటారేమో. రెరాలో (స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థలో) నమోదైన ప్రాజెక్టులు అమ్మిపెట్టాలంటే ఏజెంటుగా ముందు రిజిస్టర్ కావాలి. పాత కంపెనీ కస్టమర్ల జాబితా జోలికి అసలే పోవద్దు.

ఆ ల్యాప్‌టాప్ కంపెనీదే అయితే వెంటనే కొరియర్ చేసి రసీదు దాచండి. వాపసు రాలేదన్న వంకతో సెటిల్‌మెంటు ఆపుతారు. పైగా అది గదిలో ఉన్నన్నాళ్లూ ఆయనకు ‘రేపు చెబుదాంలే’ అనే అనిపిస్తుంది.