పాత గ్రూపు ఫొటోలో ఉన్నవారిని గుర్తుపట్టడం ఎలా?

మీ తాతగారి పెట్టెలో దొరికిన గ్రూపు ఫొటో విజయనగరం సంగీత కళాశాలలో తీసినదని ఇంట్లో చెబుతారనీ, మధ్యలో తలపాగాతో కూర్చున్నవారు గురజాడ అప్పారావు గారని బంధువులు అంటున్నారనీ రాశారు. ఈ రెండూ ఒకేసారి నిజం కావు. గురజాడ 1915 నవంబరు 30న కన్నుమూశారు. ఆ కళాశాల విజయరామ గాన పాఠశాలగా మొదలైనది 1919లో. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, 1936లో ఆ స్థానంలోకి వచ్చినవారు ద్వారం వెంకటస్వామినాయుడు గారు. అలాగని మధ్యలో ఉన్నది వీరిద్దరిలో ఒకరని వెంటనే అనుకోకండి. పెద్ద పేరు ఒకటి చెవిన పడిందంటే ఆ పోలికలు మనకు తెలియకుండానే ముఖంలో కనబడసాగుతాయి. ముందు ఫొటో కాలమూ చోటూ తేలాలి, పేర్లు ఆ తర్వాతే. అట్ట మీద స్టూడియో ముద్ర ఉంటే చూడండి; ‘చికాకోల్’ అని ఉంటే అది శ్రీకాకుళమే.

మా తాతగారు శ్రీకాకుళంలో చదువుకున్న హైస్కూలు ఫొటో విషయంలో నేను చేసిన పొరపాటు మీకు పనికివస్తుంది. అందులో 31 మంది ఉన్నారు. ఎవరెవరు ఎక్కడున్నదీ ఎడమ నుంచి కుడికి వరుసగా తాతగారు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టారు. దాని ప్రకారం పేర్లు వేసి, నాలుగైదు కుటుంబాలకు కాపీలు కూడా పంపించాను. కొన్నాళ్ళకు ఒక పెద్దాయన ఫోన్ చేసి, మీరు మా నాన్నగారని రాసిన మనిషి మా నాన్నగారు కాదు బాబూ అన్నారు. అప్పుడు భూతద్దం పెట్టి చూస్తే అందరి చొక్కా జేబులూ కుడివైపున ఉన్నాయి. మా దగ్గరున్నది తర్వాతెప్పుడో నెగెటివును తిరగేసి వేసిన ప్రింటు! నడుమ కూర్చున్న హెడ్మాస్టరు ఎటునుంచి లెక్కపెట్టినా నడుమే ఉంటారు కనుక నాకు అంతవరకూ అనుమానమే రాలేదు. తప్పు పేర్లు వెళ్ళిన ప్రతి ఇంటికీ మళ్ళీ ఉత్తరం రాయవలసివచ్చింది.

సరిచేసిన ఫొటోను తొంభైకి దగ్గరపడిన మా మామ్మకు పేర్లేవీ చెప్పకుండా చూపించాను. ఆవిడ ముఖాలన్నీ దాటుకుంటూ వేలు కిందికి జరిపి, నేల మీద కూర్చున్న పిల్లల వరుసలో ఒక పాదం దగ్గర ఆపింది. బొటనవేలి మీదికి పక్కవేలు ఎక్కి ఉన్న పాదం అది. “ఈ గుంటడు మా చిన్నన్నయ్య” అంది. తాతగారి జాబితాలో ఆ చోట ఉన్నదీ ఆయన పేరే. ఒకరి మాట ఇంకొకరు వినకుండా ఇద్దరు ఒకటే చెప్పినప్పుడే నేను పేరును ఖాయం చేస్తాను.

అందుకే పెద్దవాళ్ళను “ఈయన ఫలానా ఆయన కదండీ” అని అడగకండి. మన మనసు నొప్పించడం ఇష్టంలేక “అవును నాయనా” అనేస్తారు. “ఈయన ఎవరండీ?” అని మాత్రం అడిగి, ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి, ఎవరు ఏ రోజున ఏమన్నారో రాసుకోండి. ఫొటో వెనుక బాల్‌పెన్‌తో రాస్తే ఒత్తు ముందువైపు తేలుతుంది. బటర్ పేపరు మీద, ఫొటోకు ఆనించకుండా దాని స్కాన్ ప్రింటు మీద పరిచి, తలల ఆకారాలు గీసి అంకెలు వేసుకోవడం మేలు. స్కాన్ కనీసం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) తీయిస్తే పలక మీది అక్షరాలు, జేబులు, చెవుల ఆకారం స్పష్టంగా కనబడతాయి. తేలనివారి ఎదుట ‘తెలియదు’ అనే రాయండి. ఊహించి రాసిన పేరు మీ మనవల నాటికి నిజమైపోతుంది.

మీ ఫొటోలో ముందు వరుసలో ఇద్దరు వయొలిన్లు పట్టుకున్నారన్నారు కదా, తీగలను మీటే కమాను (బో) వారి ఏ చేతిలో ఉందో ఈ రోజే చూడండి. ఇద్దరికీ ఎడమచేతిలో ఉంటే మీ ప్రింటు కూడా తిరగబడినదే కావచ్చు.